సంస్మరణ ప్రదర్శనము - లింగవిచారము

అమెరికాలో 1998వ సంవత్సరమున హతురాలైన రీటా హెస్టరు స్మృత్యర్థము మఱుసటియేట నారంభమైన సంస్మరణము నేడు నవంబరు 20వ తేదీని పెక్కుదేశముల జరుపబడుచున్నది. దీపములు వెలిగించి, హింసకు బలియైన ట్రాన్స్‌జెండరుల పేరులు చదువుట దాని ప్రధానాంగము.

నల్లగొండ, మహబూబునగరు సీమల కిట్టి ప్రదర్శనము సామాన్యము గాదు. స్త్రీవేషమున వీథిలో నాడిన, పాడిన హిజ్రాలను వారంటు లేకయే బంధింప 1329 ఫసలీ (1919) నాటి నిజాము శాసన మనుమతించెను. తెలంగాణ హైకోర్టు దానిని 2023లో కొట్టివేసెను.

వీరిని నపుంసకులనుట శబ్దధర్మమును వ్యక్తి కారోపించుటయే. దారశబ్దము పుంలింగము, కళత్రశబ్దము నపుంసకము. రెంటికిని భార్యయే యర్థము. తెలుగున నేకవచనమున స్త్రీవాచక మమహత్తులతో జేరినను, బహువచనమున నందఱును 'వారు' అనియే చెప్పబడుదురు.

ఈ ప్రదర్శనమున కరుణ మంగిరసము. మరణవిధమునే విస్తరించినచో బీభత్సము పైకొని, యాలంబనమగు వ్యక్తి మఱుగుపడును. హతు లెట్లు జీవించిరో చెప్పినగాని శోకము రసత్వము నొందదు. చదువబడు పేరును వారు తమకు బెట్టుకొన్నదే కావలయును. వారు విడిచిన పేరు చదివినచో నది స్మరణము గాదు, విస్మరణమే.