మోకాలి నొప్పి – బరువు తగ్గింపు: ఒక పరిశీలన

స్థూలకాయులకు మోకాలి కీలు అరిగి నొప్పి కలిగినపుడు, "ముందు బరువు తగ్గవలెను, శస్త్రచికిత్స సంగతి తరువాత" అని చెప్పుట పరిపాటి. ఈ సలహాకు శాస్త్రాధారమెంత? అమెరికాలో మెసియర్ బృందము 2005లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, శరీరము ఒక కిలో తగ్గినచో, వేయు ప్రతి అడుగునందును మోకాలిపై భారము సుమారు నాలుగు కిలోలు తగ్గును.

ఆ బృందమే 2013లో మరొక పరిశోధన ప్రచురించినది. అధిక బరువు, మోకాలి నొప్పి గల 454 మందిని మూడు వర్గములు చేసి, ఒక వర్గమునకు ఆహారనియమమును, ఒక వర్గమునకు వ్యాయామమును, మూడవ వర్గమునకు రెండింటిని 18 నెలలు అమలు జరిపిరి. రెండును పాటించినవారు సగటున 10.6 కిలోలు తగ్గిరి. నొప్పియు వారికే ఎక్కువగా తగ్గెను. వ్యాయామము మాత్రమే చేసినవారు తగ్గినది 1.8 కిలోలే.

ఇది కొనియాడదగిన కృషియే. కాని చదువరులు రెండు విషయములు మరువరాదు. మొదటిది: పాల్గొన్నవారిని ఒంటరిగా విడువలేదు. వారమునకు మూడు రోజులు గంటసేపు వ్యాయామము చేయించిరి. ఆహార విషయమున నిపుణులు తోడ్పడిరి. ఇవేవియు సమకూర్చక, నొప్పితో నడువలేని రోగిని బరువు తగ్గి రమ్మనుట ఈ పరిశోధన నేర్పిన పాఠము కాదు. రెండవది: నొప్పి తగ్గుట వేరు, అరిగిన మృదులాస్థి మరల పెరుగుట వేరు. శస్త్రచికిత్స ఎందరికి తప్పునో తేల్చుట ఈ పరిశోధన లక్ష్యమే కాదు.

కావున బరువు తగ్గుట చికిత్సలో ఒక భాగము కావలెను గాని, శస్త్రచికిత్సకు ప్రవేశపరీక్ష కారాదు.