నీలి నరం, నల్లటి రక్తం

ట్యూబులోకి దిగుతున్న రక్తాన్ని చూసి చాలామంది కంగారుపడతారు. "ఇంత నల్లగా ఉందేంటమ్మా, చెడు రక్తమా?" అని అడుగుతారు. ల్యాబులో రక్తం తీసే నాకు ఇది రోజూ వినిపించే మాటే. దానికి నింపాదిగా జవాబు చెప్పడమూ నా పనేనని నమ్ముతాను.

మామూలు పరీక్షలకు మేం తీసేది సిరలోని రక్తం, అంటే ఒళ్లంతా తిరిగి గుండెకు మళ్లుతున్న రక్తం. హిమోగ్లోబిన్ అణువులో 4 ఇనుము పరమాణువులుంటాయి. వాటికి ఆక్సిజన్ అంటుకుని ఉంటే రక్తం నిగనిగలాడే ఎరుపు, వదిలిపోతే ముదురు ఎరుపు. అంతమాత్రాన సిరల్లో ఆక్సిజన్ అడుగంటిందని కాదు. విశ్రాంతిగా ఉన్న మనిషిలో అక్కడి హిమోగ్లోబిన్ ఇంకా 70 శాతం పైచిలుకు ఆక్సిజన్‌తోనే ఉంటుంది. ఆ ముదురు రంగు జబ్బుకు గుర్తు కాదు.

మరి అదే రక్తం చర్మం కింద నీలంగా ఎందుకు కనిపిస్తుంది? వెలుగులోని నీలం చర్మం పైపొరల్లోనే ఆగిపోతుంది, అందులో కొంత చెదిరి వెనక్కి వచ్చేస్తుంది. ఎరుపు ఇంకా లోతుకు దిగుతుంది. దారిలో సిర అడ్డొస్తే అందులోని రక్తం ఆ ఎరుపును కొంత పీల్చేసుకుంటుంది. దాంతో పక్క చర్మం కంటే అక్కడినుంచి తిరిగొచ్చే ఎరుపు తగ్గుతుంది. మన కన్ను ఏ రంగునైనా పక్కదానితో పోల్చే చూస్తుంది కాబట్టి ఆ తగ్గుదల నీలంగా తోస్తుంది. శాస్త్రవేత్త ఆల్విన్ కీన్లె బృందం 1996లో కొలతలతో సహా వివరించిన సంగతి ఇది. బడి పుస్తకాల్లో సిరలకు వేసే నీలం రంగు గుర్తు కోసమే.

ఈ శాస్త్రం తెలిశాక నా చేతిపని మీద నాకు గౌరవం పెరిగింది. కంటికి నీలంగా కనిపించే నరమే రక్తం తీయడానికి మంచిదని చెప్పలేం. చేతి వెనక నీలంగా తేలేవి తరచూ సన్నవి, సూది తగలగానే పక్కకు జారతాయి. మోచేతి మడతలోని పెద్ద సిర చామనచాయ చేతుల్లో, కండపట్టిన చేతుల్లో అసలు కనపడకపోవచ్చు. అక్కడ వేలే దిక్కు. నొక్కితే అణిగి, వదలగానే పైకి లేచేది సిర. గట్టిగా బిగుసుకుని ఉంటే కండరాన్ని ఎముకకు కలిపే టెండన్. వేలికింద కొట్టుకుంటుంటే ధమని, దాని జోలికి పోకూడదు. ఇదంతా తేల్చుకోవడానికి వ్యవధి తక్కువ. రక్తం తీసే ముందు చేతికి కట్టే బెల్టు నిమిషానికి మించి బిగించి ఉంచితే కొన్ని పరీక్షల ఫలితాలే మారిపోతాయి.

కొత్తగా పనిలో చేరే పిల్లలకు నేను ముందు నేర్పేది వేలితో వెతకడమే. పరీక్షకు వచ్చేవాళ్లకూ ఒక మనవి: మేం చేతిని తడుముతుంటే "నరం కనిపిస్తూనే ఉందిగా" అని తొందరపెట్టకండి. ఆ కాసేపటి ఓపికతో ఒక్క పోటుతో పని అయిపోయే అవకాశం పెరుగుతుంది.