పురి విప్పని చేతులు

కోయంబత్తూరు పీలమేడులో మా మేనమామ నెట్‌వర్క్ కేబుల్‌కు జాక్ బిగిస్తుంటే చూడాలి. నూలు మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా చేసి, రిటైరయ్యాక ఈ పనిలోకి దిగిన మనిషి. పైతొడుగును అంగుళం మేర కోసి నాలుగు జతల తీగల్ని బయటికి తీస్తాడు. నాకైతే గబగబా అన్నీ విప్పి దువ్వేయాలనిపిస్తుంది. నా చెయ్యి పట్టుకుని ఆపుతాడు. "పురి ఇప్పేస్తివా, నూలూ పాయె, మాటా పాయె!" అంటాడు. తాను మాత్రం అర అంగుళానికి మించి విప్పడు.

ఎందుకంత పట్టుదల? కంప్యూటర్ మాటంటే సున్నాలూ ఒకట్లూ. రాగి తీగలో అవి వోల్టేజీ హెచ్చుతగ్గులుగా పోతాయి. జతలో ఒక తీగ మీద ఏ సంకేతం వెళ్తే, రెండో తీగ మీద సరిగ్గా దానికి వ్యతిరేకమైనది వెళ్తుంది. పక్కన మోటారు తిరిగినా, ట్యూబులైటు చోకు గీపెట్టినా, పెనవేసుకున్న తీగలు రెండింటి మీదా ఆ రొద దాదాపు సమానంగా పడుతుంది. అవతలి చివర యంత్రం రెండింటి మధ్య తేడానే లెక్కలోకి తీసుకుంటుంది కనుక రొద రొదకు చెల్లిపోయి మాట మిగులుతుంది. గ్రాహంబెల్ 1881లోనే ఈ పురి పద్ధతికి పేటెంటు పుచ్చుకున్నాడు. ఇంకో సొగసు ఉంది. నాలుగు జతలకూ పురి ఒకే బిగువున ఉండదు. ఒక జత మాట ఇంకో జతలోకి చొరబడకుండా దేని బిగువు దానిదే. నూలు పురి లెక్కలు చూసిన మిల్లు మనిషికి ఇది ఇంకొకరు నేర్పాలా?

జాక్‌లో మా మామ పెట్టే తీగల వరస తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం, తెల్లనీలం, ఆకుపచ్చ, తెల్లగోధుమ, గోధుమ. ఆకుపచ్చ జతను విడదీసి మధ్యలో నీలం జత కూర్చోవడం చూసి తెలియనివాళ్లు "ఇదేం వంకర?" అని సరిచేస్తారు. రెండు చివరలా అలాగే సరిచేస్తే టెస్టర్‌లో 8 దీపాలూ వరసగా వెలుగుతాయి, పనివాడు డబ్బులు తీసుకుని పోతాడు. కానీ 3, 6 పిన్నుల మీద జంటగా పోవలసిన సంకేతం ఇప్పుడు వేరే వేరే పురుల్లో పోతోంది. రొద చెల్లదు. లింకు ఒకసారి ఉంటుంది, ఒకసారి ఉండదు. ఈ జబ్బును దీపాల టెస్టర్ పట్టలేదు. మా మామ జాక్‌ను వెలుతురుకేసి పట్టి, రంగులు చదివి పట్టేస్తాడు.

మా తెలుగువాళ్లు విజయనగర రాజుల కాలంలో ఈ కోయంబత్తూరు సీమకు, అంటే కొంగునాడుకు, వచ్చారంటారు. పత్తి పండించారు, మిల్లులు పెట్టారు. యంత్రమంటే భయంలేని జాతి అని ఊరికే అనడం లేదు. 1893లో కలంగల్‌లో పుట్టిన జి.డి. నాయుడు సంగతి ఎవరికి తెలియదు! 5 వాల్వుల రేడియోను 70 రూపాయలకు చేసిస్తానని 1941లోనే ప్రకటించిన మహానుభావుడు. గాలిలో వచ్చే మాటను పేదవాడి ఇంట్లో దింపాలన్న ఆ తపనకు నేను ఎప్పటికీ దాసుణ్ణి.

ఆ తపన మా మధుర (మదురై) వైపు ఎలా పండిందో చెప్పకుండా ఉండలేను. మేలూరు తాలూకా పల్లెల్లో మద్రాసు ఐఐటీవారి కార్‌డెక్ట్ వైర్‌లెస్‌తో 2001లో ఇంటర్నెట్ కేంద్రాలు వెలిశాయి. అసలైన ఘనకార్యం మాత్రం ఆ తర్వాతిది, దాని మూలం పాతదే అయినా. వడమలాపురం రైతుబిడ్డ డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి కీళ్లవాతంతో వంకరపోయిన వేళ్లకు కత్తి పట్టడం మళ్లీ నేర్పుకుని లక్ష పైచిలుకు కంటి ఆపరేషన్లు చేశారు. 1976లో ఆయన మధురలో 11 మంచాలతో మొదలుపెట్టిందే అరవింద్ కంటి ఆసుపత్రి. దాని తేని శాఖకు చుట్టుపక్కల కంటి కేంద్రాలను వైఫైతో ముడివేశారు. పల్లెలో కూర్చున్న రోగి కన్ను తేనిలోని డాక్టరుకు తెర మీద కనిపించాలి. ఊళ్ల పేర్లు చూడండి: ఆండిపట్టి, చిన్నమనూరు, ఒకప్పటి తెలుగు పాళెగాళ్ల బోడినాయకనూరు.

ఇంట్లో ఒక గది దాటితే నీరసించే వైఫై ఈ ఊళ్ల మధ్య 15 కిలోమీటర్ల దాకా ఎలా పోయింది? మామూలు వైఫై మర్యాద తెలిసినది. మాట్లాడే ముందు గాలిలో ఇంకెవరైనా మాట్లాడుతున్నారేమో వింటుంది. ఒక్కో ప్యాకెట్ పంపి, అవతలి నుంచి "ఊఁ" వచ్చేదాకా ఆగుతుంది. కథ చెప్పే అమ్మమ్మ ఊఁ కొట్టమన్నట్టే. 15 కిలోమీటర్లకు రేడియో తరంగం పోయి రావడానికి 100 మైక్రోసెకన్లు పడుతుంది. గది కోసం పుట్టిన వైఫైకి అంత ఓర్పు లేదు. ఊఁ రాలేదని చెప్పిందే చెబుతుంది. పైగా ఒకే టవర్ మీద రెండు డిష్‌లుంటే, ఒకటి అరుస్తుంటే పక్కదానికి ఏమీ వినపడదు.

కాలిఫోర్నియా బెర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఎరిక్ బ్రూవర్ బృందం, అందులో రాబిన్ పాత్రా, సోనేష్ సురానా వంటి భారతీయ మూలాలున్నవాళ్లు, ఈ చిక్కు విప్పారు. వినడాలూ ఎదురుచూడడాలూ మాన్పించి వంతులు పెట్టారు. టవర్ మీది డిష్‌లన్నీ ఒకేసారి మాట్లాడాలి, ఒకేసారి వినాలి. ప్యాకెట్లు గుత్తిగా పంపితే, ఏవి అందాయో ఏవి పోయాయో అన్నిటికీ కలిపి ఒక్కటే ఊఁ. వేగం 2 నుంచి 5 రెట్లు పెరిగింది. ఈ బృందమే వెనిజులా కొండల మధ్య 2007లో 382 కిలోమీటర్ల లింకు నిలబెట్టిన ఎర్మానో పియెత్రోసెమోలికి తోడు నిలిచింది.

తేని చుట్టూ అప్పుడు పెట్టినవి 11 రూటర్లు, 9 లింకులు. లింకు మధ్యలో చెట్టు అడ్డు లేకపోతే చాలదు, తరంగం ఉబ్బడానికీ చోటుండాలి. 15 కిలోమీటర్లకు నడిమధ్యన ఆ ఉబ్బు అన్ని వైపులా 20 మీటర్ల పైగా ఉంటుంది. అందుకే 24 నుంచి 42 మీటర్ల టవర్లు వేశారు. ఒక రూటరునైతే బట్టల మిల్లు ఆవరణలోని పవర్ ప్లాంటు చిమ్నీ మీద పెట్టారు! మిల్లు పొగ వదిలిన గొట్టం కంటిచూపును మోసింది. ఆ ఎత్తున ఉన్న పెట్టెకు కరెంటు కూడా కింది నుంచి అదే పురి తీగలో ఎక్కేది. వైర్‌లెస్ వచ్చాక తీగతో పనేముంది అనేవాళ్లకు ఈ ఒక్క ముక్క చాలు.

ఇంత కళను ఇప్పుడు ఏం చేస్తున్నారు? మధురలో ఒక బడికి నెట్‌వర్క్ చూడమని నన్ను పిలిచారు. కొత్తగా వేసిన కేబుల్, ఏడాది తిరక్కుండానే కెమెరాలు ఆరిపోతున్నాయి, పాఠాల మధ్యలో తెర గడ్డకట్టుకుపోతోంది. జాక్ కోసి చూస్తే రెండంగుళాల పురి విప్పేసి ఉంది. తీగను గీకితే లోపల తెల్లని అల్యూమినియం! పైన మాత్రం రాగి పూత. అల్యూమినియం రాగికంటే కరెంటును ఒకటిన్నర రెట్లకు పైగా అడ్డుకుంటుంది, కరెంటు మోస్తూ వేడెక్కుతుంది, రెండుసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది. ప్రమాణాలు రాగి మాత్రమే ఉండాలంటాయి. అయినా చుట్ట మీద రాగి తీగ అన్నట్టే గొప్పగా అచ్చువేసి అమ్ముతున్నారు. ఇది వ్యాపారమా, దొంగతనమా? పిల్లల బడిలో దొంగ సరుకు చుట్టిన చేతికి సిగ్గు ఉండదా? "ఇంటర్నెట్టేగా, ఎవడైనా లాగేస్తాడు" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నేత ఎవడైనా నేసేస్తాడా? డిష్‌ను కొన్ని డిగ్రీలు పక్కకు తిప్పితే చీకటి, తిరిగి సరిగ్గా తిప్పితే వెలుగు అని వేళ్లతో తెలిసిన కుర్రాళ్లు తగ్గిపోతున్నారు. నేర్పేవాళ్లను పిలిచి నేర్పమనే పాలిటెక్నిక్కులు ఎక్కడున్నాయి?

కోయంబత్తూరులోనైనా మధురలోనైనా ఇల్లు కడుతున్న మనవాళ్లందరినీ చేతులు జోడించి అడుగుతున్నాను. గోడలో కేబుల్ పూడ్చేముందు 100 మీటర్ల హద్దు దాటలేదు కదా అని అడగండి. జాక్‌ను వెలుతురుకేసి పట్టి రంగులు చూడండి. కొట్టులోనే తీగ చివర బ్లేడుతో గీకండి. ఎర్రగా ఉంటే కొనండి. తెల్లగా మెరిస్తే ఆ చుట్టను అక్కడే కౌంటర్ మీద వదిలేసి రండి.