బోర్లా పడుకోబెట్టే ముందు

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్తుంటే, ముహూర్తాల రోజుల్లో ఫంక్షన్ హాళ్ల ముందు కార్లు రోడ్డు మీదికి వచ్చేస్తాయి. ఆ పెళ్లిళ్ల హడావుడి కొన్నేళ్లుగా ఆపరేషన్ థియేటర్లకూ పాకింది. "వెనకాల పెద్ద డిజైన్‌తో బ్లౌజు కుట్టిస్తున్నాం, ఆ పైన వీపు మీది కొవ్వు మడత కనబడకుండా చేస్తారా?" అని సర్జన్ని అడుగుతారు. నా దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి, "ప్రాణానికి ఏం కాదు కదా సార్?" అంటారు. నేను మత్తు డాక్టర్ని. ఆ రెండో ప్రశ్న నా వంతుకే వస్తుంది.

ఆరోగ్యంగా ఉన్న మనిషికి, పని తెలిసిన సర్జన్ సరైన థియేటర్లో కొద్దిపాటి కొవ్వు తీస్తే ప్రమాదం తక్కువే. కానీ తక్కువ అంటే సున్నా కాదు. అమెరికాలో 1994-98 మధ్య జరిగిన లైపోసక్షన్ల, అంటే గొట్టంతో కొవ్వు లాగే ఆపరేషన్ల గురించి సర్జన్లను అడిగి తీసిన లెక్క ఒకటి 2000లో అచ్చయింది. దాదాపు 5 లక్షల ఆపరేషన్లలో 95 మరణాలు, అంటే సుమారు 5 వేలకు ఒకటి. అందులో నాలుగో వంతుకు దగ్గరగా, రక్తం గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్లి అడ్డుపడటం వల్ల పోయినవాళ్లే. అప్పటితో పోలిస్తే పద్ధతులు మెరుగయ్యాయి. అయినా అపెండిక్స్ పగిలిన మనిషికి చెప్పే 5 వేలలో ఒకటి వేరు, బ్లౌజు కోసం వచ్చిన మనిషికి చెప్పే 5 వేలలో ఒకటి వేరు. పైగా ఇది బరువు తగ్గించే ఆపరేషన్ కాదు. ఆ మాట ఎంత చెప్పినా కొందరి చెవికెక్కదు.

వీపు పైభాగానికి దాని పేచీలు దానికున్నాయి. పొట్ట మీది కొవ్వు మెత్తన, గొట్టం సులువుగా కదులుతుంది. భుజాల మధ్య కొవ్వు ముదిరిన బెండకాయలా పీచు పట్టి ఉంటుంది. చర్మం కూడా మందం. సర్జన్ బలం పెట్టి తోయాలి. తోసేచోట కింద పక్కటెముకలు, వాటి వెనక ఊపిరితిత్తి. గొట్టం మొన కాస్త నిటారుగా దిగిందంటే ఎముకల సందులోంచి లోపలి పొరకు చిల్లు పడి, గాలి చేరి ఊపిరితిత్తి ముడుచుకుపోవచ్చు. చేయి తిరిగినవాళ్ల దగ్గర ఇది అరుదు, ఎందుకంటే వాళ్ల గొట్టం ఎప్పుడూ చర్మానికి సమాంతరంగానే నడుస్తుంది, రెండో చేయి పైనుంచి దాని మొనను తడుముతూనే ఉంటుంది. పీచు వదులవడానికి అల్ట్రాసౌండ్ యంత్రాలు వాడుతున్నారు. శ్రమ తగ్గుతుంది నిజమే. ఒకేచోట ఎక్కువసేపు ఆపితే మాత్రం చర్మం లోపలినుంచి కాలుతుంది.

నా కంగారంతా వేరే చోట ఉంది. వీపుకు ఆపరేషన్ అంటే మనిషిని బోర్లా పడుకోబెట్టాలి. వెల్లకిలా ఉన్న మనిషికి ఊపిరి ఆగితే గడ్డం పైకెత్తి, మాస్కు పెట్టి క్షణాల్లో గాలి ఇవ్వగలను. బోర్లా ఉంటే ముఖమే నా చేతికి అందదు. అందుకే గొంతులో ట్యూబు వేసి, ప్లాస్టర్లతో గట్టిగా అంటించాకే తిప్పుతాం. ఛాతీ కింద ఒక దిండు, తుంటి కింద ఒక దిండు. మధ్యలో పొట్ట వేలాడుతూ ఖాళీగా ఉండాలి, లేకపోతే ఊపిరితిత్తులు కిందికి విచ్చుకోవు. కనుగుడ్ల మీద ఏదీ ఒత్తకూడదు. ఒత్తిడి పడితే చూపే పోవచ్చు, కాబట్టి వేళ్లు పెట్టి మళ్లీ మళ్లీ తడిమి చూస్తాను. చేతులు తల పైకి మరీ లాగితే భుజం నరాలు దెబ్బతింటాయి. తలుపు పక్కనే ఖాళీ ట్రాలీ ఉండాలి. ఏదైనా అయితే మనిషిని ఒక్క ఊపున వెల్లకిలా దాని మీదికి తిప్పేందుకు. ఆ ట్రాలీని ఎవరైనా పక్కకు నెడితే థియేటర్లో నా గొంతు పెరుగుతుంది. అది నర్సులందరికీ తెలుసు.

అందరికీ ట్యూబు అక్కర్లేదు. కొద్ది భాగమే అయితే అక్కడికక్కడ మొద్దుబారే మందు ఎక్కించి, మనిషి మెలకువగా మాట్లాడుతుండగానే ముగించవచ్చు. నా ఓటు దానికే. నాకు భయం వేసేది ఈ రెండింటికీ మధ్యదారి. "కొంచెం మత్తు సూది ఇస్తే చాలు సార్, ట్యూబెందుకు" అంటూ బోర్లా ఉన్న మనిషిని సగం నిద్రపుచ్చడం. ఖర్చు తగ్గించుకోవాలనుకునే చిన్న క్లినిక్‌లలో, మత్తు డాక్టరే లేకుండా జరిగేది ఇదే.

ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలన్న పాఠం మన హైదరాబాద్‌కు కొత్త కాదు. 1888, 1889లలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చుతో, రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో ఇక్కడ ఆనాటి మత్తుమందు క్లోరోఫారం మీద రెండు కమిషన్లు పనిచేశాయి. రెండోదానికి లాన్సెట్ వైద్య పత్రిక లండన్ నుంచి డాక్టర్ లాడర్ బ్రంటన్‌ను పంపింది. వందల జంతువుల మీద పరీక్షించి వాళ్లు తేల్చింది ఏమిటంటే, నాడి పట్టుకుని కూర్చోవద్దు, ఊపిరి చూడండి, ఆగేది ముందు అదే అని. అందులో సగమే నిజమని 1911లో గుడ్‌మన్ లెవీ రుజువు చేశాడు. క్లోరోఫారంతో గుండె కూడా హఠాత్తుగా ఆగిపోగలదు. ఇప్పుడు మేం రెండూ చూస్తాం. వేలికి పెట్టే పరికరం ఆక్సిజన్ తగ్గిందని చెప్పేసరికి కొంత ఆలస్యం అవుతుంది. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను చూపే కాప్నోగ్రాఫ్ ఆ ఊపిరికి ఆ ఊపిరే చెబుతుంది. లారీ పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 మూసీ వరదలో దెబ్బతింది. మళ్లీ అలాంటి వరద రాకూడదనే గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. మొయినాబాద్ ఆ రెంటి నడుమే ఉంది. దారిలో ఆ నీళ్లు చూసినప్పుడల్లా నాకు క్లోరోఫారం గుర్తొస్తుంది. వృత్తి జబ్బు!

మొద్దుబారే మందు దగ్గరికి వద్దాం. కాలిఫోర్నియాకు చెందిన చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ 1987లో ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ పునాది. సెలైన్‌లో లిగ్నోకైన్, అడ్రినలిన్ బాగా పల్చగా కలిపి కొవ్వులోకి ఎక్కిస్తారు. రక్తస్రావం బాగా తగ్గుతుంది. మామూలుగా అడ్రినలిన్‌తో కలిపి లిగ్నోకైన్ కిలోకు 7 మిల్లీగ్రాములు దాటనివ్వం. ఈ పద్ధతిలో కిలోకు 35 దాకా ఇవ్వవచ్చని క్లైన్ చూపించాడు. అంటే 60 కిలోల మనిషికి 420 బదులు 2,100 మిల్లీగ్రాములు. కొవ్వులోంచి మందు మెల్లగా రక్తంలోకి వస్తుంది కాబట్టి సరిపోతోంది. చిక్కు కూడా అక్కడే. రక్తంలో మందు ఎక్కువయ్యేది బల్ల మీద కాదు, సుమారు పది పన్నెండు గంటల తర్వాత, మనిషి ఇంట్లో పడుకున్నాక. పెదవుల చుట్టూ తిమ్మిరి, నోట్లో ఇనుము రుచి, చెవుల్లో హోరు, ఆ తర్వాత ఫిట్స్. దీనికి విరుగుడుగా నరంలోకి ఎక్కించేది ఏమిటో తెలుసా? కొవ్వే. 20 శాతం లిపిడ్ ఎమల్షన్ సీసా. అది అల్మారాలో లేని చోట నేను మత్తు ఇవ్వను.

ఒక్కోసారి ఆపరేషనే అక్కర్లేని మనిషి వస్తుంది. చేవెళ్ల దగ్గరి ఊళ్లో కూరగాయల తోట చేసుకునే ఒకావిడను మెడ కింద పెరిగిన కొవ్వు మూపురం తీయించమని కొడుకు తీసుకొచ్చాడు. ముఖం గుండ్రంగా ఉబ్బింది, కాళ్లూ చేతులూ మాత్రం సన్నం. చేతుల మీద అక్కడక్కడా కమిలిన మచ్చలు.

"ఏమైనా మందులు వాడుతున్నవా అమ్మా?"

"మోకాళ్ల నొప్పులకు గోలీలు సారూ. ఆర్‌ఎంపీ సారు ఇచ్చిండు. ఏసుకుంటే పానం హుషారుగ ఉంటది."

కొంగు ముడి విప్పి చూపించింది. కవరు లేని చిన్న తెల్ల గోలీలు. కొడుకుతో సగం వాడిన అట్ట ఇంటి నుంచి తెప్పిస్తే డెక్సామెథాసోన్ అని తేలింది, స్టెరాయిడ్. ఏళ్ల తరబడి వాడితే కొవ్వు మూపురంగా పేరుకుంటుంది. అది తీసేసినా గోలీ ఆగనంతకాలం మళ్లీ వస్తుంది. పోనీ ఒక్కసారిగా ఆపితే ఇంకా ప్రమాదం, శరీరం సొంతంగా ఆ హార్మోన్ తయారుచేసుకోవడం మరిచిపోయి ఉంటుంది. అలాంటి మనిషికి గోలీల సంగతి తెలియకుండా మత్తు ఇస్తే బల్ల మీద బీపీ పడిపోతుంది, మందులకు లేవదు. ఆవిడను సర్జన్ దగ్గరికి కాదు, హార్మోన్ల డాక్టర్ దగ్గరికి పంపించాం. మూపురం అనగానే కత్తి వైపు చూడకూడదు. ముందు రక్తంలో కార్టిసాల్ చూడాలి.

సినీ నటి ఆర్తి అగర్వాల్ పేరు ఎత్తకుండా మన దగ్గర ఈ సంభాషణ ముగియదు. 2015 జూన్ 6న, 31 ఏళ్లకే, న్యూజెర్సీలో చనిపోయింది. కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకుందని, ఊపిరి ఇబ్బంది ఉందని అప్పట్లో పత్రికలు రాశాయి. ఫలానా కారణమేనని నేను బయటినుంచి తీర్పు చెప్పను. కానీ ఆ వార్త చదివి నన్ను అడిగేవాళ్లతో ఒకటి అంటాను. ఆపరేషన్ బాగా అయిందన్న మాట బల్ల మీది సంగతి మాత్రమే. కాళ్లలో రక్తం గడ్డకట్టేది తర్వాత రోజుల్లో. అందుకే అదే సాయంత్రం లేపి నడిపిస్తాం. విమానం ఎక్కి అమెరికా వెళ్లాలి, సీటు బుక్కయింది అంటే, ముందు టికెట్ వాయిదా వేసుకోమంటాం. పెళ్లి ముహూర్తం కూడా అంతే. వాపు తగ్గడానికే వారాలు పడుతుంది, నాలుగు నుంచి ఆరు వారాలు బిగుతు తొడుగు వేసుకోవాలి, అసలు ఆకారం తేలేది మూడు నెలలు దాటాక. వచ్చే నెల పెళ్లికి ఈ నెల ఆపరేషన్ దండగ. దానికన్నా టైలర్‌తో మాట్లాడుకోవడం చవక.

చేయించుకోవాలనే నిశ్చయించుకుంటే, సర్జన్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ ఉందో లేదో అడగండి. అది చాలామంది అడుగుతున్నారు, సంతోషం. మత్తు ఎవరిస్తారో, వాళ్లు మొదటినుంచి చివరిదాకా థియేటర్లోనే ఉంటారో లేదో కూడా అడగండి. పేరు చెప్పకుండా నీళ్లు నమిలితే చెప్పులు వేసుకుని బయటికి వచ్చేయండి. ఇంటికి వచ్చాక రాత్రిపూట ఆయాసం వచ్చినా, ఛాతీ పట్టేసినా, పిక్క వాచి నొప్పి పుట్టినా తెల్లారి క్లినిక్ తీసేదాకా చూడకండి. చేవెళ్ల నుంచి పట్నం 40 కిలోమీటర్లు. వెంటనే 108కి ఫోన్ చేయండి.