లంచ్ టైమ్‌లో ఒక మరణవార్త

ఫ్రాంక్ ఓహారా ‘లంచ్ పొయెమ్స్’ (1964) పేరు వినగానే, విరామాన్ని వృథా చెయ్యని బుద్ధిమంతుడైన ఉద్యోగి గుర్తొస్తాడు. పుస్తకంలో అలాంటివాడు కనపడడు. న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో పనిచేసే ఒకడు, మధ్యాహ్నంపూట కూలీల్నీ టాక్సీల్నీ చూసుకుంటూ రోడ్లమీద తిరుగుతుంటాడు.

ఈ కవితల్లో స్నేహితుల పేర్లు మరీ ఎక్కువ. కొన్నిచోట్ల విసుగొస్తుంది కూడా. కానీ ‘ది డే లేడీ డైడ్’ చదవండి. 1959 జులైలో, గాయని బిల్లీ హాలిడే పోయిన రోజు. ఆమె పేరు కవితలో ఎక్కడా రాదు. 12:20కి మొదలుపెట్టి షూ పాలిష్, బ్యాంకు, పుస్తకాల షాపు, సిగరెట్లు అంటూ ఒక్కో పనీ చక్కబెట్టుకుంటూ పోతాడు. చివర్లో కొన్న పేపర్లో ఆమె ముఖం. అక్కడితో పనుల చిట్టా ఆగిపోతుంది. ఎప్పుడో విన్న పాట ఊపిరాడనివ్వదు.

పేపర్ కొనడం కూడా ఆ చిట్టాలో ఒక పనే. అందులోంచే దుఃఖం వచ్చి మీద పడింది, అతను బయట ఉన్నాడు కాబట్టి. డెస్క్ దగ్గరే తినేసి మనం మిగుల్చుకునే అరగంటలో, మనకి ఏం తారసపడుతుంది?