నగరం చూపించిన రోజు: ‘టోక్యో స్టోరీ’లో వృద్ధదంపతుల నగరవీక్షణ – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

తెలుగు యాత్రాసాహిత్య అధ్యయనం సహజంగానే యాత్రికుడే రచయిత అయిన గ్రంథాలను ప్రధానంగా స్వీకరిస్తుంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో చేసిన ప్రయాణానికి అక్షరరూపమై, 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’ ఇందుకు తొలి ప్రమాణం. ఏది చూడదగినదో, చూసినదానిలో ఏది రాయదగినదో నిర్ణయించే అధికారం అటువంటి రచనల్లో యాత్రికుడిదే. అయితే తన యాత్రను తాను రాసుకోని యాత్రికులూ ఉన్నారు. పిల్లలున్న నగరానికి వెళ్లి, పిల్లలకు వీలైన రోజున, వారు చూపించినంత మేరకు చూసి తిరిగివచ్చే తల్లిదండ్రులు ఈ కోవకు చెందుతారు. ఈ అనుభవాన్ని పరిశీలించడానికి యసుజిరో ఓజు దర్శకత్వం వహించిన జపనీస్ చిత్రం ‘టోక్యో స్టోరీ’ (1953) మంచి ఆధారం. అందులోని నగరవీక్షణ ఘట్టాన్ని విశ్లేషించి, యాత్రాకథన అధ్యయనానికి అది ఇచ్చే సూచనలను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

2. ఘట్టానికి పూర్వరంగం

ఓజు, కోగో నోదా కలిసి రాసిన ఈ చిత్రకథ క్లుప్తమైనది. హిరోషిమా ప్రాంతంలోని రేవుపట్టణం ఒనోమిచి నుంచి షుకిచి, తోమి అనే వృద్ధదంపతులు టోక్యోలోని పిల్లల్ని చూడటానికి వెళతారు. పెద్దకొడుకు కొయిచి వైద్యుడు. కూతురు షిగే బ్యూటీపార్లర్ నడుపుతుంది. ఆదివారం తల్లిదండ్రులను ఊరు చూపించడానికి కొయిచి సిద్ధమవుతాడు. అంతలో ఒక రోగి పరిస్థితి గురించి కబురు వస్తుంది. ప్రయాణం ఆగిపోతుంది. తరువాత షిగే తన మరదలు నోరికోకు ఆఫీసుకు ఫోన్ చేసి ఆ బాధ్యతను అప్పగిస్తుంది. నోరికో యుద్ధంలో మరణించిన రెండవ కొడుకు షోజి భార్య. ఆమె పై అధికారిని అడిగి ఒకరోజు సెలవు తీసుకుంటుంది.

అంటే ఈ నగరవీక్షణ దంపతుల ఉత్సాహం నుంచి పుట్టినది కాదు. ఒకరికి వీలుకాక, మరొకరికి తీరికలేక, చేతులు మారిన బాధ్యత అది. ఆ రోజును దంపతులు ఎంచుకోలేదు. ఒక ఉద్యోగిని తన పనిదినాల్లోంచి దాన్ని వారికి కేటాయించింది.

3. బస్సు, మెట్లు, గది

ఈ ఘట్టం మూడు స్థలాల్లో జరుగుతుంది. మొదటిది పర్యాటకుల బస్సు. గైడు చక్రవర్తి ప్రాసాదం గురించి, ఒకప్పటి కోట గురించి వివరిస్తూ ఉంటుంది. బస్సు కుదుపులకు ప్రయాణికులంతా ఒకే లయలో ఊగుతారు. కిటికీలోంచి నగరం కదిలిపోతూ ఉంటుంది. ఎక్కడ ఆగాలో, ఎటు తల తిప్పాలో, ఏది గొప్పదో ముందే నిర్ణయమై ఉంది. షుకిచి, తోమి ఇక్కడ ప్రత్యేక వ్యక్తులు కారు. గైడు చెప్పిన వైపు చూసే సమూహంలో ఇద్దరు.

రెండవది ఎత్తైన భవనం మెట్లమీది స్థలం. చిత్రంలో ప్రసిద్ధ కట్టడాల ప్రస్తావన ఇక్కడ వెనక్కి తగ్గి, చూపుల దిక్కులకు ప్రాధాన్యం వస్తుంది. నోరికో చేయి చాపి, కొయిచి ఇల్లు ఎటువైపో, షిగే ఇల్లు ఎటువైపో చూపిస్తుంది. నీ ఇల్లు ఎక్కడని అడిగినప్పుడు మరోవైపు చూపిస్తుంది. బస్సులో రాజధానిగా వివరించబడిన నగరం ఇక్కడ పిల్లల ఇళ్ల దిక్కులుగా మారిపోయింది. నిజానికి దంపతులు చూడవచ్చింది ఈ నగరాన్నే. కాని ఆ ఇళ్లు అక్కడినుంచి కనిపించేవి కావు, వేలు చూపితే ఊహించుకోవలసినవి. పిల్లలున్న ఊరిలోనే ఉండి పిల్లల ఇళ్లను దూరపు దిక్కులుగా చూడవలసిరావడం ఈ దృశ్యంలోని విషాదం. దాన్ని ఓజు ఒక్క విషాదవాక్యమైనా లేకుండా చెప్పాడు.

మూడవది నోరికో అద్దెగది. పర్యాటకుల జాబితాలో లేని స్థలం ఇది. ఆమె పొరుగింటి నుంచి మద్యం అరువు తెచ్చి మామగారికి పోస్తుంది, బయటినుంచి భోజనం తెప్పిస్తుంది. గదిలో షోజి ఫొటో ఉంది. ఉదయం గైడు నోట కోట చరిత్ర విన్న దంపతులకు సాయంత్రం తమ ఇంటి చరిత్ర ఎదురవుతుంది. ఆ రోజంతటిలో వారు ఆగి, దగ్గరగా చూసినది ఈ ఫొటోనే.

4. ‘ఆదర్శ కోడలు’ అనే వ్యాఖ్యానం – దాని పరిమితి

ఈ ఘట్టాన్ని కృతఘ్నులైన పిల్లలు, ఉత్తమురాలైన కోడలు అనే ద్వంద్వంగా చదవడం సులభం. కుటుంబకథలకు అలవాటుపడిన పాఠకులకు ఆ చట్రం సిద్ధంగానే ఉంటుంది. చిత్రంలో దానికి కొంత ఆధారమూ ఉంది. నోరికో గదిలో ఆతిథ్యం జరిగిన తరువాత, కొయిచి, షిగే తలా కొంత డబ్బు వేసుకుని తల్లిదండ్రులను అతామి వేడినీటి బుగ్గల ఊరికి పంపాలని నిర్ణయించుకుంటారు. నోరికో తన సమయాన్ని ఇచ్చింది. వీరు సమయానికి బదులు డబ్బు ఇచ్చారు.

అయినా చిత్రం ఆ ద్వంద్వాన్ని చివరివరకు నిలబెట్టదు. తోమి మరణానంతరం చిన్న కూతురు క్యోకో అన్నను, అక్కను నిందించినప్పుడు, పెరిగిన పిల్లలు తమ బతుకుల్లో పడి దూరం కావడం సహజమని నోరికోయే వారి పక్షాన మాట్లాడుతుంది. మామగారు తనను మెచ్చుకున్నప్పుడు తాను అంత మంచిదాన్ని కానంటుంది. కనుక ఆమె ఇచ్చిన రోజును ఆదర్శగుణానికి నిదర్శనంగా కాక, పరిమితమైన సమయంలోంచి ఇచ్చిన ఒక భాగంగా చదవడమే సమంజసం. కొయిచి రోగిని వదిలి రాలేకపోవడం కూడా నేరం కాదు. ప్రతివారికీ తగిన కారణం ఉండగానే తల్లిదండ్రులకు చోటు తగ్గిపోవడం ఈ కథలోని అసలు సమస్య. ఒక దోషిని చూపించే విమర్శ ఈ సమస్యను చిన్నది చేస్తుంది.

5. రాయని యాత్రాచరిత్ర

అతామిలోని రాత్రి గోల భరించలేక దంపతులు ముందుగానే టోక్యోకు తిరిగివస్తారు. షిగే ఇంట్లో ఆ రాత్రికి చోటు ఉండదు. ఉయెనో ప్రాంతంలో కాలక్షేపం చేస్తూ, ఇంత పెద్ద ఊళ్లో తప్పిపోతే జన్మలో కలుసుకోలేమేమో అన్న భావాన్ని తోమి వ్యక్తం చేస్తుంది. గైడు చెప్పిన నగరవిశేషాలకు ఇది సమాధానం వంటిది. నగరం ఎంత పెద్దదో ఆమె కట్టడాలతో కొలవలేదు. భర్తనుంచి విడిపోయే భయంతో కొలిచింది.

తిరుగు ప్రయాణంలో తోమికి అస్వస్థత కలగడంతో వారు ఒసాకాలో ఆగవలసివస్తుంది. అక్కడ దంపతులు తమ ప్రయాణాన్ని తలపోసుకుంటారు. ఆ సంభాషణకు కేంద్రం ప్రాసాదమో గింజా వీధో కాదు, పిల్లలే. పిల్లలు మారారని ఒప్పుకుంటూనే, చాలామందికంటే తాము అదృష్టవంతులమని సమాధానపడతారు. వీరు దినచర్య రాసి ఉంటే అందులో ఉండేది ఇదే. బయటివారికి అది యాత్రాచరిత్రగా కనిపించకపోవచ్చు.

6. ముగింపు

పై పరిశీలన వల్ల యాత్రాకథనాలను చదివేటప్పుడు మూడు ప్రశ్నలు అవసరమని తేలుతున్నది. చూడవలసినవాటిని ఎవరు ఎంచారు? ఆ చూపునకు ఎవరి సమయం ఖర్చయింది? తిరిగివచ్చాక యాత్రికులు దేన్ని చెప్పుకున్నారు? యాత్రికుడే రచయిత అయినచోట ఈ మూడింటికీ సమాధానం తరచూ ఒకరే కావడంతో ప్రశ్నలు విడిగా కనిపించవు. ‘టోక్యో స్టోరీ’ వాటిని విడదీసి చూపింది. హైదరాబాదుకో, బెంగళూరుకో, అమెరికాకో పిల్లల దగ్గరికి వెళ్లివచ్చే తెలుగు తల్లిదండ్రుల అనుభవాలు ఎక్కువగా మౌఖికంగానే నిలిచి ఉన్నాయి. ఊరి విశేషాలు తక్కువగా, పిల్లల సంగతులు ఎక్కువగా ఉన్నాయన్న కారణంతో వాటిని యాత్రాకథనాల పరిధినుంచి తొలగించడం తగదు. ఆ తక్కువ, ఆ ఎక్కువలే వాటి వస్తువు. వాటిని చెప్పగల తరం ఉన్నప్పుడే సేకరించి, యాత్రాసాహిత్య అధ్యయనంలో భాగం చేయవలసి ఉంది.