రెండు రూపాయి బిళ్ళల సందు

కుందుర్పిలో మా అన్న ఇంట్లో, దేవుడి గూటి పక్క గోడకు ఒక నల్ల గిటారు వేలాడుతుంటుంది. పదేళ్ళ కిందట నేనే కొనిచ్చాను. అన్న కొడుకు అప్పుడు తొమ్మిదో తరగతి. సినిమాలో హీరో కాలేజీ మెట్ల మీద కూర్చొని వాయించేలాంటిది కావాలన్నాడు. నేనూ అట్లాంటిదే వెతికి తెచ్చాను. నల్లగా నిగనిగలాడుతూ, అంచు చుట్టూ తెల్లగీత. రెండువేల చిల్లర. నెల రోజులు వాయించాడు. వాయించాడనడం పెద్దమాట, తీగలు నొక్కాడు. ఆ తర్వాత అది మేకుకెక్కింది. వానికి ఓపిక లేదని ఇంటిల్లిపాదీ తీర్మానించాం. పాపం, వాడూ అదే నమ్మాడు.

ఈ ఎండాకాలం మా చెల్లెలి కూతురు పది పాసైంది. "సెల్లు కొనిస్తాలే" అంటే, "సెల్లొద్దు మామా, గిటారు కొనియ్యి" అంది. చర్చిలో పాటలకు గిటారు పట్టే అన్న ఒకాయన వారానికి రెండు సాయంత్రాలు నేర్పుతానన్నాడట. మా పక్క ఊళ్ళలో గిటారు చూడాలంటే పెళ్ళి బ్యాండు దగ్గరికి కాదు, చర్చికే పోవాల. సరేనన్నాను గానీ, గోడమీది నల్లది ఆ రోజంతా నన్నే చూస్తున్నట్టనిపించింది.

ఎనిమిదివేలు దాటకూడదనుకున్నాను. మా ఊళ్ళో ఎనిమిదివేలు తేలిగ్గా తీసే డబ్బు కాదు. జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. అదైనా శనక్కాయ ఊడ దిగేటప్పుడు ముఖం చాటేసి, కాయ పెరికి కుప్ప వేశాక దిగబడుతుంది. ఇక్కడ ఎద్దును కొనేవాడు నోరు తెరిపించి పళ్ళు లెక్కబెట్టి, నాలుగడుగులు నడిపించి, కొమ్ములకు పూసిన రంగు వంక చూడకుండా బేరమాడతాడు. అట్లాంటి ఇంట్లో పుట్టి నేను రంగు చూసి గిటారు కొన్నాను.

అందుకని ఈసారి పిల్లను తీసుకొని బెంగళూరు పోయేటప్పుడు జేబులో రెండు రూపాయి బిళ్ళలు వేసుకున్నాను.

గిటారు మెడమీద అడ్డంగా లోహపు కమ్ములుంటాయి. ఇంగ్లీషులో ఫ్రెట్లు, వీణవాళ్ళ భాషలో మెట్లు. తీగను మెట్టు వెనకాల నొక్కితే స్వరం. తీగ మెట్టుకు ఎంత ఎత్తున ఉందో వేలికి అంత శ్రమ. ఈ ఎత్తునే వాళ్ళు యాక్షన్ అంటారు. పన్నెండో మెట్టు దగ్గర లావు తీగ కింద రెండున్నర మిల్లీమీటర్లుంటే కొత్తవాళ్ళకు హాయి. మూడు దాటిందా, లేత వేలు కోసుకుపోతుంది. రూపాయి బిళ్ళ మందం దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు. ఒకటి దూరాలి, రెండు కలిపి తోస్తే ఇరుక్కోవాలి. కొలబద్ద తీస్తే అంగట్లోవాళ్ళు గుర్రుగా చూస్తారు, బిళ్ళలైతే ఏదో పల్లెటూరి చాదస్తం అనుకొని వదిలేస్తారు.

అంగట్లో కుర్రాడు కన్నడంలో మొదలుపెట్టాడు. సరిహద్దు ఊరివాళ్ళం, కన్నడ మాకు కొత్తేమీ కాదు. ముందు పెద్ద బుర్రది తెచ్చాడు. దీని పేరు డ్రెడ్‌నాట్. 1916లో అమెరికాలో మార్టిన్ కంపెనీ ఈ ఆకారాన్ని చేసి, అప్పటి బ్రిటిషు యుద్ధనౌక పేరు పెట్టింది. నౌక తుక్కయిపోయి నూరేళ్ళయింది, గిటారు మాత్రం ఇంకా అమ్ముడుపోతోంది. బక్కపల్చటి పిల్ల ఒళ్ళో పెట్టుకుంటే కుడిభుజం చెవిదాకా లేచింది. వద్దన్నాం. నైలాన్ తీగలది చూపించాడు. అది వేలికి మెత్తన, నిజమే. కానీ దాని మెడ వెడల్పు ఐదు సెంటీమీటర్ల పైమాట, పిల్ల బొటనవేలు వెనకనుంచి అందడం లేదు. పైగా ఆమెకు కావాల్సింది 'గీతాంజలి' సినిమా పాటలు, చర్చి పాటలు. గొంతుకు తోడుగా ఝణఝణమని పలకాలి. స్టీలు తీగలే కావాలి. చివరికి నడుము సన్నగా ఉన్న చిన్న బుర్ర గిటారు ఒకటి ఆమె ఒళ్ళో ఇమిడింది.

అప్పుడు మొదలుపెట్టాను నా ఎద్దుబేరం. వడ్రంగి ఒంటికన్నుతో పలక చూసినట్టు మెడను కంటికి ఆనించి చూశాను. అరచేత్తో మెడ అంచును పైనుంచి కిందికి నిమిరాను, మెట్ల కొసలు రంపపు పళ్ళలా గుచ్చుకుంటున్నాయేమోనని. ఒక్కో తీగను ఒక్కో మెట్టు దగ్గరా నొక్కి మీటాను. ఆరు తీగలు, పధ్నాలుగు మెట్లు, అంటే ఎనభై నాలుగు మీట్లు. ఎక్కడైనా జుయ్యిమంటే దాని తర్వాతి మెట్టు ఏదో లేచి ఉందన్నమాట. కుర్రాడు ఫోను తీసుకొని పక్కకెళ్ళిపోయాడు. తర్వాత తీగను ఉత్తగా మీటి, పన్నెండో మెట్టు దగ్గర నొక్కి మళ్ళీ మీటాను. కింది షడ్జం, పై షడ్జం అచ్చంగా కలవాలి. కలవకపోతే ఎంత శ్రుతి చేసినా పాట మధ్యలో అపస్వరం వినిపిస్తుంది. వీణైతే మెట్లు మైనంలో నిలబెట్టి ఉంటాయి, తేడా వస్తే మైనం కరిగించి జరుపుకోవచ్చు. గిటారు మెట్లు చెక్కలో దిగ్గొట్టినవి, అట్లా జరపలేం.

ఆ రకంలోనే మూడు గిటార్లు పోయి నాలుగోది నిలిచింది. బిళ్ళలు తోశాను. రెండూ దూరాయి, కాస్త బిగువుగా.

"ఇది పైరకం. దీని పైపలక ఏకచెక్క సార్, నాలుగు వేలు ఎక్కువ" అని కుర్రాడు వేరేది చూపించాడు. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. గిటారు పైపలక రెండు రకాలు. ఒకటి దేవదారు జాతి చెక్కను పలచగా కోసి చేసిన అసలు పలక. రెండోది పొరలు అతికించిన ప్లైవుడ్. గుండ్రటి రంధ్రం అంచు చూస్తే తెలిసిపోతుంది. చెక్క నారలు అంచుమీదుగా లోపలికి దిగితే ఏకచెక్క, శాండ్‌విచ్చిలా పొరలు కనిపిస్తే ప్లైవుడ్. నాదం ఏకచెక్కదే గొప్ప, అందులో వాదన లేదు. మంచి కలప ఎట్లాగూ మన దగ్గర నిలవదు. మనం ఇరుగుడు అనే రోజ్‌వుడ్ దేశదేశాల గిటార్ల వీపులకీ మెడమీది పలకలకీ పోతుంది. మన కొండల ఎర్రచందనం జపాను షమిసెన్ వాద్యాలకు మెడ అవుతుంది. మనకు మిగిలేది ప్లైవుడ్ అని విసుక్కోబోయాను గానీ, కుందుర్పికి కావాల్సింది సరిగ్గా ఆ ప్లైవుడే.

ఎందుకంటే చెక్కకు దాహం ఉంటుంది. గిటారు చేసేవాళ్ళు గాల్లో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే మేలంటారు. ఏప్రిల్ మధ్యాహ్నం మా గాలిలో అందులో సగం ఉంటే గొప్ప. చిన్నప్పుడు ఎండాకాలం బండిచక్రాల ఆకులు వదులై గడగడలాడితే, చక్రాన్ని కుంటలో నానేసేవాళ్ళు. చెక్క ఉబ్బి ఇనుపపట్టాలో బిగుసుకునేది. గిటారును కుంటలో వెయ్యలేం కదా. మెడచెక్క కుంచించుకుపోతే లోహపు మెట్లు కుంచించుకోవు, కొసలు బయటికొచ్చి చెయ్యి గీరుకుంటాయి. పైపలక ఏకచెక్కైతే ఎండకు నిట్టనిలువునా పగులుతుంది కూడా. ప్లైవుడ్ పొరల్లో నారలు అడ్డదిడ్డంగా పోతాయి కాబట్టి ఒకదాన్నొకటి పట్టుకొని ఉంటాయి, నాదం కొంచెం మొద్దు గానీ పగలదు. కరువుసీమలో చవక సరుకే చాలాకాలం బతికే ఇట్లాంటి సందర్భం అరుదు, అందుకే సంతోషంగా వాడుకున్నాను. ఏడువేల ఆరువందలకు బేరం తెగింది. మిగిలిన నాలుగువందల్లో పది నంబరు తీగల కట్ట ఒకటి. సన్న తీగ అంగుళంలో నూరో వంతు మందం. గిటారుతో వచ్చిన తీగలు అంతకన్నా లావు. ఎంత సన్న తీగలైనా ఆరూ కలిసి మెడను 60 కిలోల బరువుతో లాగుతుంటాయి, సిమెంటు మూటకన్నా ఎక్కువ. అందుకే మెడ లోపల ఉక్కు కడ్డీ ఉందా అని అడిగి, దాన్ని తిప్పే తాళంచెవి కూడా చేతిలో పడ్డాకే డబ్బిచ్చాను.

రాత్రి బస్సులో దాన్ని పైన సామాన్ల మీద పెట్టనియ్యలేదు, డిక్కీలో అసలే వద్దన్నాను. ఇంజను వేడికి జిగురు మెత్తబడితే, పైపలక మీద తీగలు బిగించే బ్రిడ్జి ఊడొస్తుంది. పిల్ల ఊరిదాకా ఒళ్ళో పెట్టుకొనే నిద్రపోయింది.

తీగల ఎత్తు దించే అసలు పని ఇంటికొచ్చాక మొదలైంది. బ్రిడ్జి మీద తీగలు ఆనుకునే తెల్లటి ముక్క ఒకటుంటుంది, చిటికెనవేలంత. శాడిల్ అంటారు, గుర్రం మీది జీను పేరే. తీగలు వదులు చేసి దాన్ని లాగితే పంటిలా బయటికొస్తుంది. పైభాగం ముట్టుకోకూడదు, అడుగు అరగదీయాలి. పెన్సిలుతో గీత గీసి, అద్దం పలక మీద సాండ్ పేపరు పరిచి, ముక్కను నిటారుగా పట్టుకొని ముందుకూ వెనక్కీ. శాడిల్ ఒక మిల్లీమీటరు అరిగితే పన్నెండో మెట్టు దగ్గర తీగ దిగేది అందులో సగమే. ఆ లెక్క తెలియక తొందరపడితే తీగలు మెట్లకు కొట్టుకుంటాయి, అప్పుడు కొత్త ముక్క కొనాల్సిందే. పది రుద్దులు, తీసి చూడటం, మళ్ళీ పది. తెల్లటి పొడి నా పంచెమీద రాలుతోంది. "మామా, పల్లు అరగదీసినట్టుండాది" అని పిల్ల చెవులు మూసుకుంది. గంటన్నర పట్టింది. కొత్త తీగలు బిగించి, ఫోన్లో ట్యూనరు చూస్తూ బిరడాలు తిప్పి శ్రుతి చేశాక బిళ్ళలు తోశాం. ఒకటి దూరింది. రెండోది ఇరుక్కుంది.

సంచిలో ఒక సబ్బుపెట్టె కూడా పెట్టిచ్చాను. చుట్టూ కాల్చిన మేకుతో బెజ్జాలు, లోపల తడిపి పిండిన స్పాంజి ముక్క. వారానికోసారి తడపాలి, నీళ్ళు కారకూడదు. గిటారును రేకులషెడ్డులో పెట్టొద్దని, మట్టిమిద్దె లోపలి గదిలోనే పెట్టమని మా చెల్లెలికి మరీ మరీ చెప్పాను. "మనుషులకు లేని చలవ దీనికా అన్నా" అంది. నిజమే, ఏం చెప్తాం.

చర్చి అన్నకు తెలిసింది ఏడెనిమిది కార్డ్స్, అంటే స్వరాల గుత్తులు, మాత్రమే. చాలవేమోనని పిల్ల దిగులు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఒక పిల్లవాడు ఆరేళ్ళ వయసులో వాళ్ళ నాన్న మాండొలిన్ చేతికి తీసుకుంటే, అతనికి సంగీతం చెప్పిన రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నది తీగమీద వెతుక్కునేవాడు. మాండొలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతమంతా ఆ విదేశీ వాద్యంలో అట్లా పట్టుకున్నాడు. ఈ కథ చెప్తే పిల్ల, "మరి మా చర్చి అన్నకు పాట బాగా వస్తుందిలే మామా" అని నిమ్మళించింది.

మొదటి పది రోజులూ ఫోన్లు. "వేళ్ళు మండుతాండాయి మామా." మండుతాయి. రోజుకు పావుగంటకన్నా ఎక్కువ వద్దు, వేళ్ళు తడిగా ఉన్నప్పుడు ముట్టుకోవద్దు. మూడో వారానికి కొసలు గట్టిపడ్డాయి. ఇంకోరోజు, రాత్రి కొండమీంచి ఎలుగుబంటి చేన్లోకి దిగితే నాయన డబ్బా కొడుతుంటే తాను గిటారు వాయించానని చెప్పింది. దేనికి భయపడి పోయిందో తెలియదట.

నెల తర్వాత ఊరికి పోయాను. అన్న కొడుకు ఇప్పుడు టమాటా లోడ్లకు బండి తోలుతున్నాడు. చెల్లెలింట్లో వాడు పిల్ల గిటారును ఒళ్ళోకి తీసుకొని ఒక తీగ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. "ఇంత మెత్తగుంటాదా?" అన్నాడు, ఎవరినీ అడగనట్టు. లేచి ఇంటికి పోయి, మేకు మీది నల్లదాన్ని దుమ్ముతో సహా పట్టుకొచ్చాడు.

"చిన్నాయనా, దీనికీ ఆ తెల్లముక్క అరగదీస్తే సరిపోతాదా?"

బిళ్ళలు తోశాను. రెండూ సులువుగా దూరాయి. అన్న కొడుకు తన జేబులోంచి ఇంకొకటి తీసిచ్చాడు. మూడూ దూరాయి. మెడ కంటికానించి చూస్తే విల్లులా వంగి ఉంది. లోపల కడ్డీ లేదు, తిప్పడానికేమీ లేదు. శాడిల్ అంతా అరగదీసినా ఈ వంపు తీరదు. కొన్ననాడే ఇది ఇంతో, ఇంతకు కాస్త తక్కువో అయ్యుండాలి. చూడకుండా తెచ్చింది నేను.

ఆ మాటే వాడితో చెప్పాను. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఎడమచేతి వేళ్ళకొసలు చూసుకొని, "అప్పుడు రక్తమొచ్చింది చిన్నాయనా, ఎవరికీ చెప్పలే" అన్నాడు.

బిరడాలు బాగున్నాయి. వాటిని విప్పి పిల్ల సంచిలో వేశాం, ఎప్పుడైనా పనికొస్తాయని. మిగిలిన బుర్రను వాడు మళ్ళీ తీసుకుపోయి మేకుకే తగిలించాడు.